అలిగే జంటా, స్నేహం చేసే జంటా: నేటి రొమాన్స్ నవలల్లో మనకు నచ్చేదాన్ని ఎంచుకోవడం ఎలా

రొమాన్స్ నవల చేతికి తీసుకున్నవారికి ఒక వింత సౌకర్యం ఉంది. చివరికి ఏమవుతుందో ముందే తెలుసు. డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో మొదటే చెప్పేస్తే పుస్తకంలో సగం ప్రాణం పోతుంది. రొమాన్స్‌లో మాత్రం ఆ ఇద్దరూ కలుస్తారన్న భరోసా మీదే కథంతా నిలబడుతుంది. 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ రకం నవలకు రెండే రెండు షరతులు చెప్పింది. కథకు కేంద్రం ప్రేమే అయి ఉండాలి. ముగింపు తృప్తినిచ్చేదిగా, ఆశ కలిగించేదిగా ఉండాలి. 1950 తర్వాతి కాలంలో నడిచే కథలను సమకాలీన రొమాన్స్ అనడం కూడా ఆ సంఘం పెట్టుకున్న కొలతే.

ముగింపు తెలిసిపోయాక ఇక మిగిలేది ఆ ఇద్దరితో గడిపే సమయం. నిమిషానికి 250 పదాల చొప్పున చదివితే 90,000 పదాల నవలకు ఆరు గంటలు పడుతుంది. ఆరు గంటల రైలు ప్రయాణంలో ఎదురు సీట్లో ఒక జంట కూర్చుందనుకోండి. వాళ్ల మాటలు వినబుద్ధి అయితే దారి ఎలా గడిచిందో తెలియదు. విసుగు పుట్టిస్తే ప్రతి స్టేషన్‌లోనూ దిగిపోవాలనిపిస్తుంది. నేను చాలాకాలం వెనుక అట్ట మీద రాసిన కథను బట్టి నవలలు ఎంచుకుని చాలాసార్లు మోసపోయాను. ఇప్పుడు జంటను బట్టి ఎంచుకుంటున్నాను. అట్ట మీది కథ వాళ్లు ఎలా కలుస్తారో చెబుతుంది గానీ, కలిశాక ఒకరితో ఒకరు ఎలా ఉంటారో చెప్పదు.

నచ్చే జంట అంటే ఇద్దరు మంచివాళ్లని కాదు. విడివిడిగా ఇద్దరూ మేలిమి బంగారమే అయినా పక్కపక్కన కూర్చోబెడితే చప్పగా తేలిపోయే నవలలు బోలెడు. ఆమె తెలివైనదని, అతను దయగలవాడని రచయిత చెబుతూనే ఉంటారు, మనం తలూపుతూనే ఉంటాం, ఏమీ జరగదు. ఇంకో నవలలో అందరితో ఆచితూచి మాట్లాడే అమ్మాయి ఒక్క అతని ముందు మాత్రం నోరు జారుతుంది. జారినందుకు నాలుక కరుచుకోకుండా ఇంకో మాట కలుపుతుంది. పుస్తకం అక్కడ లేచి కూర్చుంటుంది. ఒకరి సమక్షంలో తప్ప బయటపడని గుణమేదో రెండోవారిలో ఉండాలి. అది లేని నవలలో ఆ ఇద్దరినీ విడదీసి వేరెవరితో జత కలిపినా కథకు నష్టం రాదు.

ఇంకొకటి కూడా చూస్తాను. ఒకరి బలహీనత రెండోవారికి తెలిసిన రోజున ఏం చేశారు? ఆమెకు జనం ముందు మాట్లాడాలంటే భయమని అతనికి తెలిసింది. తర్వాతి గొడవలో దాన్ని ఎత్తిపొడిచాడా, లేక ఎంత కోపంలో ఉన్నా దాని జోలికి పోలేదా? నవలలో ఇది ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ఆ వాక్యాలు తప్పుగా పడితే తర్వాత ఎన్ని పూలగుత్తులు పంపినా నాకు అతని మీద మనసు రాదు.

ఎంపికలోకి దిగే ముందు ఒక జాగ్రత్త. ప్రేమకథ వేరు, రొమాన్స్ నవల వేరు. 1970లో వచ్చిన ఎరిక్ సీగల్ 'లవ్ స్టోరీ'కి పేరే ప్రేమకథ, కానీ ఆ అమ్మాయి చనిపోయిందని మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. నిజాయితీ గల పుస్తకం. అన్నీ అలా ఉండవు. అట్ట మీద లేత రంగులు, నవ్వే బొమ్మలు వేసుకుని చివరి యాభై పేజీల్లో గుండె కోసేవీ ఉన్నాయి. ఏడవాలనిపించినప్పుడు అవి మంచివే. సుఖాంతం కోసం కూర్చున్న రాత్రి మాత్రం అటువంటిది చేతికి తగిలితే నమ్మకద్రోహంలా ఉంటుంది. మా అక్క అందుకే ఏ నవలనైనా ముందు చివరి పేజీ చూసి, ఇద్దరూ బతికే ఉన్నారని తేల్చుకున్నాకే మొదటి పేజీకి వస్తుంది. ఇదివరకు నవ్వేవాణ్ణి, ఇప్పుడు నవ్వడం లేదు.

పోట్లాటతో మొదలయ్యేవి, స్నేహంతో మొదలయ్యేవి

నేటి రొమాన్స్‌లో పెద్ద చీలిక ఇదే. పాఠకులు కూడా దాదాపు రెండు జట్లుగా ఉంటారు.

తెలుగులో అలక అని ఒక చక్కని మాట ఉంది. అది కోపం కాదు. ఎదుటివారు వచ్చి బుజ్జగిస్తారన్న నమ్మకం ఉన్నచోటే ఎవరైనా అలుగుతారు. ఆ నమ్మకం లేనిచోట పుట్టేది కోపం. అది ముదిరితే పగ. పోట్లాట నవలలను నేను ఈ త్రాసులోనే తూస్తాను. పైకి పగలా కనిపించినా లోపల అలకలా నడిస్తే ఆ నవల పండుతుంది. పైకి చిలిపి తగవులా మొదలై లోపల అవమానం కనిపిస్తే నాలుగో అధ్యాయంలోనే మూసేస్తాను.

ఈ రకానికి పెద్దదిక్కు 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. సమకాలీనం కాకపోయినా దాని నిర్మాణాన్ని నేటి నవలలు ఇంకా వాడుకుంటూనే ఉన్నాయి. మొత్తం 61 అధ్యాయాలు. నాయకుడు డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది 34వ అధ్యాయంలో, అంటే పుస్తకం సగం దాటిన కాసేపటికి. నాయిక ఎలిజబెత్ మొహమాటం లేకుండా కాదంటుంది. అతను పగబట్టడు. ఉత్తరం రాసి ఇచ్చి వెళ్లిపోతాడు, ఆ తర్వాత తనను తాను దిద్దుకుంటాడు. ఆమె కూడా తన అంచనాలు తప్పని ఒప్పుకోవలసి వస్తుంది. మిగిలిన పుస్తకంలో పెద్ద భాగం ఈ దిద్దుబాటుకే పోయింది. పోట్లాట నవల ఏదైనా సగం దాటాక ఎవరు, దేని గురించి మనసు మార్చుకుంటున్నారో చూడండి. ఎవరూ ఏమీ మార్చుకోకుండా ఒక ముద్దుతో గొడవ సర్దుకుపోతే ఆ రచయిత అసలు పని ఎగ్గొట్టినట్టే.

ఈ కాలపు ఉదాహరణ కావాలంటే 2016లో వచ్చిన శాలీ థార్న్ 'ది హేటింగ్ గేమ్' ఉంది. రెండు ప్రచురణ సంస్థలు విలీనమై, ఇద్దరు ఉద్యోగులు ఎదురెదురుగా కూర్చోవలసి వస్తుంది. ఇద్దరి కన్నూ ఒకే పదోన్నతి మీద. అతను ఏ రోజు ఏ రంగు చొక్కా వేసుకుంటాడో ఆమెకు వరసగా తెలుసు. ఏ మాత్రం పట్టింపు లేని మనిషి చొక్కాల రంగులు ఎవరు లెక్కపెడతారు? ఆమెకు తెలియకముందే మనకు తెలిసిపోతుంది, ఆ తెలిసిపోవడంలోనే సరదా. పైగా ఇద్దరిదీ సమాన హోదా. ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం ఊడగొట్టగలిగిన యజమాని కింది ఉద్యోగిని పదిమందిలో చులకన చేస్తే దాన్ని నేను చిలిపి తగవు అనలేను, అతను తర్వాత ఎంత కరిగిపోయినా సరే. మాటకు మాట అనగలిగే స్థితిలో ఇద్దరూ ఉండాలి.

స్నేహంతో మొదలయ్యే నవలకు ఈ బెడద లేదు. ఇద్దరూ ఒకరికొకరు ఇష్టమని మొదటి పేజీకే తెలుసు. మరి అడ్డేమిటి? ఆ ప్రశ్నకు గట్టి జవాబు లేకపోతే ఈ రకం నవల కుండలో నీళ్లలా కదలకుండా ఉండిపోతుంది. పదేళ్లుగా స్నేహితులు, ఇద్దరికీ ప్రేమ ఉంది, ఇద్దరూ చెప్పరు. ఎందుకు చెప్పరు? "స్నేహం చెడిపోతుందేమో" అన్న ఒక్క భయం మూడు వందల పేజీలు మోయలేదు. ఎమిలీ హెన్రీ 2021 నవల 'పీపుల్ వి మీట్ ఆన్ వెకేషన్'లో ఏటా వేసవిలో కలిసి విహారయాత్రకు వెళ్లే ఇద్దరు స్నేహితులు, ఏదో జరిగి రెండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. ఇప్పుడు మళ్లీ ఒక యాత్ర. పాత వేసవులూ ఈ వేసవీ మార్చి మార్చి వస్తుంటాయి. అప్పుడేం జరిగిందన్న ప్రశ్న కథను లాక్కుపోతుంది. పాత యాత్రలు వాళ్ల స్నేహానికి బరువిస్తాయి. స్నేహం నవల కొనేటప్పుడు చూసుకోవలసింది అదే. పాత స్నేహాన్ని రచయిత చూపిస్తున్నారా, లేక "చిన్నప్పటి నుంచి ప్రాణస్నేహితులు" అని ఒక వాక్యం పడేసి ముందుకు పోతున్నారా?

ఈ రెండింటిలో ఏది మేలంటే, నా మట్టుకు మొదటిసారి చదవడానికి పోట్లాట, రెండోసారి చదవడానికి స్నేహం. మాటల జగడంలో తర్వాత ఏమంటుందో అన్న ఉత్కంఠ ఒక్కసారే పనిచేస్తుంది. స్నేహంలో మాత్రం రెండోసారి చదివినప్పుడు, మొదటిసారి పట్టించుకోని చిన్న చూపులు పట్టుబడతాయి. మనసు అలిసిపోయి ఉన్నప్పుడు పోట్లాట జోలికి పోవద్దు. పగలంతా నిజమైన చిరాకులు పడి వచ్చినవారికి రాత్రిపూట కాగితం మీది చిరాకు కూడా చిరాకే. బద్ధకంగా, దేని మీదా ఆసక్తి పుట్టని రోజున మాత్రం దాన్ని మించిన మందు లేదు.

ఇంకా ఉత్తుత్తి ప్రేమ నడిపేవారు, తప్పనిసరై ఒకే గదిలో ఇరుక్కున్నవారు, అవసరానికి పెళ్లి చేసుకున్నవారు ఉన్నారు. ఇవి సరదా ఏర్పాట్లు, వాటి గురించి పెద్దగా తర్కించనక్కరలేదు. అబద్ధం ఆడవలసిన అవసరం నమ్మేలా ఉంటే చాలు.

విడిపోయి మళ్లీ కలిసేవారి కథలు మాత్రం తేలిక కాదు. అక్కడ ఒక పాత తప్పు ఉంటుంది. ఆ తప్పు చేసినవారు ఎప్పుడు మారారు? ఆమె తిరిగి కనిపించాక ఆమెను దక్కించుకోవడానికి మారాడా, ఆమె మళ్లీ ఎదురుపడుతుందన్న ఆశ లేని రోజుల్లోనే మారాడా? రెండోదైతే నేను అతన్ని క్షమిస్తాను. మొదటిదైతే ఆమె కూడా క్షమించకూడదని మనసులో గొణుక్కుంటూ చదువుతాను, అంటే ఆ నవల నాకు దండగే. సగటు వయసు కాస్త ఎక్కువున్న జంటలు, ఒకసారి జీవితంలో దెబ్బతిన్నవారు కావాలనుకునేవారికి ఈ రకంలోనే ఎక్కువ దొరుకుతారు.

ఒకరు చెప్పే కథా, ఇద్దరూ చెప్పే కథా

దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, జంట నచ్చడం నచ్చకపోవడం సగం ఇక్కడే తేలుతుంది.

ఆమె ఒక్కతే కథ చెబితే అతను మనకు ఒక పొడుపు కథ. అతని మాట, మౌనం, ఆలస్యంగా వచ్చిన ఒక ఫోను, వీటిని ఏరుకుంటూ అతని మనసును మనమే కట్టుకోవాలి. చివరికి అతను నోరు విప్పినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ ఒక్కసారిగా అతుక్కుంటాయి. ఆ ఆనందం ఇద్దరూ చెప్పే నవలలో దొరకదు. అయితే ప్రమాదమూ ఉంది. రచయిత సరైన ఆనవాళ్లు వదలకపోతే అతను మొరటువాడిలాగే మిగిలిపోతాడు. చివరి అధ్యాయంలో "నీ మీద ప్రేమ మొదటి రోజు నుంచే" అంటే మనకు నమ్మబుద్ధి కాదు.

ఇద్దరూ చెప్పే నవలలో రహస్యం లేదు, దానికి బదులు పైనుంచి చూసే సుఖం ఉంది. ఆమె ఎందుకు తలుపు వేసుకుందో మనకు తెలుసు, బయట నిలబడ్డ అతనికి తెలియదు. అతను ఎందుకు కదలకుండా నిలబడ్డాడో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. హాస్యానికి ఇంతకన్నా మంచి పునాది లేదు. కానీ రెండు గొంతులు నిజంగా రెండుగా ఉండాలి. బెత్ ఓలీరీ 2019 నవల 'ది ఫ్లాట్‌షేర్' దీనికి మంచి నమూనా. పగలు ఉద్యోగం చేసే టిఫీ, రాత్రి డ్యూటీ చేసే నర్సు లియాన్ ఒకే పడకగది ఇంటిని వేర్వేరు వేళల్లో వాడుకుంటారు. ఒకరినొకరు చూసుకోకుండానే చీటీలతో మాట్లాడుకుంటారు. ఆమె అధ్యాయాలు గలగలా పారుతుంటే, అతనివి తంతిలా తెగిపోయే పొట్టి వాక్యాలు, చాలాచోట్ల కర్త కూడా ఉండదు. ఏ పేజీ తెరిచినా ఎవరిదో పేరు చూడకుండా చెప్పవచ్చు.

కొనే ముందు మీరూ ఈ పరీక్ష పెట్టండి. అధ్యాయం మీద ఉన్న పేరును వేలితో కప్పి అర పేజీ చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే, ఆ నవలలో ఒకే మనిషి రెండు చొక్కాలు మార్చుకుంటున్నట్టు. ఆడియో పుస్తకంలో ఇద్దరు వేర్వేరు గొంతులతో చదివితే ఈ లోపం కొంత కప్పుకుపోతుంది. అందుకే గొంతు బాగుందని మురిసిపోయి కొన్న నవల తర్వాత అచ్చులో చదివితే నీరసంగా ఉండవచ్చు.

ముప్పావు వంతు దగ్గర వచ్చే తుఫాను

ఈ నవలల్లో చాలావాటికి ఒక అలవాటుంది. అంతా సవ్యంగా నడుస్తుండగా, పుస్తకం ముప్పావు వంతు దాటేసరికి ఇద్దరూ విడిపోతారు. చివరి పావు వంతు ఆ చిక్కు విప్పడానికి. అలవాటు పడినవారు చేతిలో మిగిలిన పేజీల మందం చూసి "ఇప్పుడు గొడవ పడతారు" అని చెప్పేయగలరు. నేను పుస్తకాలు మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఇక్కడే.

తుఫాను రావడం తప్పు కాదు. ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఆమె అతన్ని పాత స్నేహితురాలితో చూసింది, అడగలేదు, ఊరు వదిలి వెళ్లిపోయింది. అతను ఆమె ఎందుకు వెళ్లిందో అడగలేదు. ఒక్క ఫోనుతో తేలిపోయే విషయం ఎనభై పేజీలు సాగింది. అంతవరకూ తెలివైనవాళ్లుగా మెలిగిన ఇద్దరినీ కథ అవసరం కోసం రచయిత మూర్ఖులను చేశారు. దానికి బదులు, ఆమెకు చిన్నప్పటి నుంచి ఎవరి మీదా ఆధారపడకూడదన్న పంతం ఉందనుకోండి, మొదటి అధ్యాయంలో అది నవ్వు తెప్పించిందనుకోండి. అతను ఆమెకు చెప్పకుండా ఆమె అప్పు తీర్చాడు. ఇప్పుడు ఇద్దరి వైపూ న్యాయం ఉంది, ఇద్దరి వైపూ తప్పుంది. ఎన్ని ఫోన్లు చేసుకున్నా ఇది తేలదు, మనసులు కదలాలి. అంతకుముందు నవ్వించిన గుణమే ఇప్పుడు ఏడిపిస్తే, ఆ రచయిత పేరు గుర్తుపెట్టుకుని ఇంకో పుస్తకం కొనవచ్చు.

ఈ తుఫాను అసలే వద్దనుకునేవారికి కూడా నవలలున్నాయి. వాటిలో అడ్డంకి బయటి నుంచి వస్తుంది, కుటుంబం, ఉద్యోగం, దూరం, జబ్బు, దాన్ని ఇద్దరూ కలిసి ఎదుర్కొంటారు. ఉత్కంఠ తక్కువ, ఆప్యాయత ఎక్కువ. "ఏమీ జరగలేదు" అని కొందరు పెదవి విరుస్తారు. ఇద్దరు మనుషులు ఒక కష్టాన్ని మాట్లాడుకుని పంచుకోవడం ఏమీ జరగకపోవడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మిగతా తేడాలు చకచకా చెప్పుకోవచ్చు. ఒక్క సాయంత్రంలో ముగించాలంటే పొట్టి నవలలు ఉన్నాయి. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్, 1949లో కెనడాలో మొదలై 1971లో దాన్ని కొనేసిన హార్లెక్విన్ వంటి సంస్థల పొట్టి నవలలు చాలావరకు 50,000 పదాల అటూ ఇటూ ఉంటాయి, అంటే మూడు గంటల పైచిలుకు. అంత తక్కువ చోటులో స్నేహితులు, ఉద్యోగాలు, పక్క కథలు ఇమడవు, ఇద్దరే ఉంటారు. కొందరికి కావలసింది సరిగ్గా అదే. వాటిని చిన్నచూపు చూసేవారు ఒక మంచిది ఏరుకుని చదివితే, రచయితకు ఒక్క పేజీ కూడా వృథా చేసే వీలు లేదని గమనిస్తారు.

ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే వరస నవలలను మొదటిదాని నుంచే చదవాలేమోనని చాలామందికి ఒక అనవసర భయం ఉంది. రొమాన్స్‌లో సాధారణంగా ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట కథ ముగుస్తుంది. అన్నదమ్ములో, స్నేహితురాళ్లో ఒకరి తర్వాత ఒకరు ముందుకొస్తారు. మూడోదానితో మొదలుపెట్టినా కొంప మునగదు. కాకపోతే మొదటి రెండు జంటలు అక్కడ హాయిగా కాపురం చేసుకుంటూ కనిపిస్తాయి కాబట్టి వాళ్లు ఎలా కలిశారన్న కుతూహలం కొంత తగ్గుతుంది. ముగింపు ఎలాగూ తెలిసిందే కదా.

శృంగారం మోతాదును మాత్రం అట్ట చూసి అంచనా వేయకండి. బొమ్మల అట్ట ఉన్నవన్నీ సాత్వికం కాదు. వాటిలో పడకగది తలుపు బార్లా తెరిచి ఉంచేవి చాలా ఉన్నాయి. పాఠకుల సమీక్షల్లో ఈ సంగతి సాధారణంగా మొదటి రెండు మూడు వాక్యాల్లోనే దొరుకుతుంది. తలుపు తెరిచి ఉన్నా, వేసి ఉన్నా నేను చూసేది ఒకటే: ఆ సన్నివేశం తర్వాత ఇద్దరి మధ్య ఏదైనా మారిందా? మారకపోతే పేజీలు తిప్పేయవచ్చు, కథ తప్పిపోదు.

ఇక దుకాణంలో నిలబడో, ఫోనులో నమూనా తెరిచో ఎలా తేల్చుకోవాలి? మొదటి అధ్యాయాన్ని నమ్మకండి. దాన్ని రచయితలు పదిసార్లు చెక్కుతారు. అచ్చు పుస్తకమైతే నడిమికి తెరిచి ఇద్దరూ మాట్లాడుకునే రెండు పేజీలు చదవండి. కథ అర్థం కాకపోయినా పరవాలేదు. ఒకరు అన్న మాటను రెండోవారు నిజంగా విని జవాబిస్తున్నారా, లేక ఎవరి చమత్కారం వారు పేల్చుకుంటున్నారా? మొదటిది సంభాషణ, రెండోది కవాతు. ఈబుక్ నమూనాలో నడిమి పేజీలు దొరకవు కాబట్టి ఇద్దరూ కలిసే మొదటి సన్నివేశం చూడండి. ఆమె అతనిలో అందం కాక ఇంకేం గమనించింది? చేతి మీద సిరా మరక, ఎవరూ చూడనప్పుడు సర్దిన కుర్చీ, ఏదైనా సరే. భుజాలు, కళ్లు, జుట్టు తప్ప ఇంకేమీ లేకపోతే తర్వాత కూడా పెద్దగా ఉండదని నా అనుభవం.

మా అక్క పద్ధతి వాడుకునేవారికి ఒక సవరణ. చివరి పేజీ బదులు ఉపసంహారం మొత్తం చదవండి, కథ బయటపడుతుందని బెంగ లేకపోతేనే సుమా. కొన్నింటిలో ఏడాది తర్వాత ఉంగరం, పెళ్లి, కవలలు, కొత్త ఇల్లు, బహుమతుల దుకాణంలా అన్నీ పేర్చి ఉంటాయి. ఇంకొన్నింటిలో అదే జంట గిన్నెలు ఈ రోజు ఎవరి వంతు అని వాదించుకుంటూ ఉంటుంది, మొదటి అధ్యాయంలో వాదించుకున్న ధోరణిలోనే, కాస్త మెత్తగా. అక్క ఇప్పుడు ఆ రెండోరకం కనిపిస్తే పుస్తకాన్ని మూసి, ఏమీ చెప్పకుండా నా బల్ల మీద పెట్టి వెళుతుంది.